పసుపు: గ్రంథప్రమాణము, ప్రయోగప్రమాణము

నిజామాబాదు జిల్లా రెంజల్ మండలములోని కందకుర్తి గ్రామమునొద్ద గోదావరీనది తెలంగాణమున బ్రవేశించుచున్నది. అచ్చటనే మంజీర దానితో గలియుచున్నది. హరిద్ర యను మూడవ నదిని గూడ జేర్చి యా తావును త్రివేణీసంగమ మని వ్యవహరింతురు. ఆవలి గట్టు మహారాష్ట్ర దేశము. హరిద్ర యనగా సంస్కృతమున పసుపు. ఒక్క దుంపనే యీ సీమలో తెలుగువారు పసుపనియు, ఉర్దూ మాటలాడువారు హల్దీ యనియు, మహారాష్ట్రులు హళద యనియు, యూనానీ హకీములు పారసీక పదముతో జర్ద్‌చోబ్ అనియు బిలుచుచున్నారు. నది పేరును బట్టి పసుపు పంటకు ప్రాచీనతను గల్పించుట చరిత్ర కాజాలదు. కేవల నామసామ్యము ప్రమాణము గాదు. అయినను ఓషధుల చరిత్రలో మొదట విచారింపవలసినది పేరే. పేరు తప్పినచో మొక్క తప్పును. మొక్క తప్పినచో మందు తప్పును.

సంస్కృత నిఘంటువులలో హరిద్రకు జెప్పబడిన పర్యాయపదములలో నిశ, రజని మొదలగు రాత్రివాచకములు గలవు. వైద్యగ్రంథమున నిశ యని యున్నచో నది మందు పుచ్చుకొనవలసిన వేళయో, మందులో జేర్పవలసిన వస్తువో సందర్భమును బట్టి గ్రహింపవలెను. ఆ పదమే ద్వివచనమున నున్నచో హరిద్రను, దారుహరిద్రను రెండింటిని గైకొనవలెను. ఈ రెండింటికి పేరునందును రంగునందును దప్ప చుట్టఱికము లేదు. పసుపు అల్లపు కుటుంబమునకు జేరిన దుంప; దీనికి 1753లో లిన్నేయసు కర్కుమా లాంగా యని శాస్త్రనామ మిడెను. దారుహరిద్ర హిమాలయ ప్రాంతములందు బెరుగు ముండ్లపొద. దానికి బదులుగా దక్షిణదేశమున వాడుకలో నున్న మానుపసుపు పశ్చిమ కనుమల యడవులలో బ్రాకు పెద్దతీగ. ఈ కడపటి రెండింటి వన్నెకు బెర్బెరిన్ అను పదార్థము కారణము కాగా, పసుపు కొమ్ము వన్నెకు కర్క్యుమిన్ అనునది కారణము. కస్తూరిపసుపు వేఱొక జాతి, మామిడల్లము మఱియొకటి. కావున ప్రతిలేఖకుడు ప్రత్యయ మొకటి జాఱవిడిచినను రోగికి జేరు మందు మాఱిపోవుట కవకాశము గలదు.

ప్రాచీను లీ భేదమును జక్కగా నెఱుగుదురు. చరకసంహిత సూత్రస్థానమునందలి నాలుగవ యధ్యాయమున నేబది మహాకషాయములు చెప్పబడినవి. వానిలో లేఖనీయ, కుష్ఠఘ్న, విషఘ్న వర్గములందు హరిద్ర పఠింపబడినది. దురదను బోగొట్టు కండూఘ్న వర్గమున మాత్రము దారుహరిద్రయే యున్నది. సుశ్రుతసంహితలో హరిద్రాది గణ మని యొక గణమే వేఱుగ గలదు. వ్రణములకు జేయు లేపములందును తైలములందును పసుపు వాడుక యా సంహితకు సుపరిచితము.

గ్రంథములం దిట్లుండగా, గ్రంథ మెఱుగని గృహములందును పసుపు వాడుక తక్కువది కాదు. తెలుగు గృహిణి వేలు తెగినప్పుడు గాయముపై పసుపు నద్దును. జలుబు చేసినప్పుడు వేడిపాలలో గలిపి యిచ్చును. పసుపులో సున్నము గలిపి పారాణి చేయును. సున్నము తగిలినంతనే పసుపు ఎఱ్ఱవాఱుట ఆమెకు వింత గాదు. ఆ గుణమునే యాధారముగా గొని రసాయన శాస్త్రజ్ఞులు పసుపు పూసిన కాగితముతో క్షారపదార్థములను గుర్తించుచు వచ్చిరి. ఇందూరు సీమలో ఆర్మూరు, బాల్కొండ ప్రాంతముల రైతులు తొమ్మిది నెలల పంటను దవ్వి, కొమ్మును మండను వేఱుచేసి, యుడుకబెట్టి, కళ్లములం దెండబెట్టి, మెఱుగు పెట్టుదురు. ఉడుకుటచే దుంపలోని పిండిపదార్థము జిగురువాఱి వన్నె యంతటను సమముగ వ్యాపించును, మొలక చచ్చును, దుంప త్వరగ నాఱును. ఈ కారణములను శాస్త్రము తరువాత వివరించినది. పని మాత్రము ముందే నడచుచుండెను.

పసుపునకు రసాయన పరీక్ష 1815లో నారంభమైనది. ఆ యేట ఫోగెల్, పెల్లెత్యే యను నిరువురు శాస్త్రజ్ఞులు వన్నెనిచ్చు పదార్థమును దుంపనుండి వేఱుచేసి దానికి కర్క్యుమిన్ అని పేరిడిరి. 1910లో దాని యణునిర్మాణము తెలియవచ్చెను. 1949లో నది కొన్ని సూక్ష్మజీవుల పెరుగుదలను నిరోధించునని నేచర్ పత్రికలో బ్రకటితమయ్యెను. అప్పటినుండి వర్తకమునందును పసుపు విలువను కర్క్యుమిన్ పాలును బట్టి గట్టు నలవాటు పెరిగినది. 1937లో బోధను చెంత శక్కర్‌నగరున నెలకొనిన నిజాము చక్కెర కర్మాగారము 2015లో మూతపడు వఱకు చెఱకును దానిలోని చక్కెర కొఱకే యెట్లు కోరెనో, మందుల వర్తకులు పసుపును దానిలోని కర్క్యుమిన్ కొఱకే యట్లు కోరుచున్నారు. కాని చెఱకునందు చక్కెర యెట్లో, పసుపునందు కర్క్యుమిన్ అట్లని తలచుట సరికాదు. సామాన్యముగ నూటికి రెండు మొద లైదు పాళ్లు మాత్రమే యది యుండును. తక్కిన భాగమున సుగంధతైలము మొదలగున వనేకములు గలవు.

ఇట్లుండగా 1995 మార్చి నెలలో అమెరికా దేశపు పేటెంటు కార్యాలయము గాయములను మాన్పుటకు పసుపు పొడిని వాడు విధానముపై 54,01,504 సంఖ్యగల పేటెంటును మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమున కొసగెను. దానిని గోరిన పరిశోధకు లిరువురును భారతసంతతివారే. పసుపును గాయమున కద్దుట క్రొత్త సంగతి కాదని భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో పునర్విచారణ గోరెను. ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి గలదు. కోట్లకొలది గృహములలో నిత్యము జరుగుచున్న యాచార మప్పటి అమెరికా శాసనము దృష్టిలో సాక్ష్యము గాదు; ఇతర దేశములయందలి పూర్వవిజ్ఞానమునకు వ్రాతయో యచ్చో యుండవలెను. అందుచే మండలి సంస్కృత, ఉర్దూ, హిందీ భాషలలోని లేఖనములను, 1953లో భారత వైద్యసంఘపు పత్రికలో వెలువడిన వ్యాసమును జేర్చి ముప్పదిరెండు ప్రమాణములను సమర్పించెను. వానిలో గొన్ని నూఱేండ్లకు బైబడినవి. 1997లో పేటెంటు కార్యాలయ మా హక్కులను ద్రోసివేసెను. గృహిణి చేతి పసుపును రక్షించినది గ్రంథమే. ఈ యనుభవమును బట్టి 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయ కార్య మారంభమై, ఆయుర్వేద, యూనానీ, సిద్ధ గ్రంథములలోని యోగములు ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, జపాను భాషలలోనికి జేర్పబడినవి.

అయితే యీ విజయము దేనిని స్థాపించినదో, దేనిని స్థాపింపలేదో విడదీసి చూడవలెను. పేటెంటు విచారణలో నడిగిన ప్రశ్న "ఇది పూర్వమే తెలిసినదా?" అనునది; "ఇది నిజముగ గుణ మిచ్చునా?" యనునది గాదు. గ్రంథము మొదటిదానికి ప్రమాణము. రెండవదానికి ప్రయోగమే ప్రమాణము. ఈ రెండింటిని గలిపివేయుటచే నిరుపక్షములందును పొరపాటు గలుగుచున్నది. పసుపు గ్రంథములలో నున్నది గావున సర్వరోగహర మని యొకరు చాటుదురు. ప్రయోగమున దేలలేదు గావున గ్రంథములు వ్యర్థము లని వేఱొకరు త్రోసివేయుదురు. అమెరికా రసాయన సంఘమువారి వైద్య రసాయన పత్రికలో 2017లో వెలువడిన విమర్శ కర్క్యుమిన్ అస్థిరమనియు, నోటివెంట గైకొన్నచో రక్తమున మిక్కిలి స్వల్పముగ జేరుననియు, మనుష్యులపై జేసిన కఠిన పరీక్షలలో దాని యుపయోగము నిరూపితము గాలేదనియు దెల్పెను. గాఢముగ జేసిన పసుపు సారములను సేవించినవారిలో గొందఱకు కాలేయము చెడినట్లు 2019లో ఇటలీ ప్రభుత్వము ప్రకటించెను. వైద్యగ్రంథములు ద్రవ్యమును జెప్పునప్పుడు లేపమో, కషాయమో, తైలమో, చూర్ణమో, మోతాదెంతయో గూడ జెప్పును. లేపమునకు జెప్పిన గుణమును మాత్రకు నంటగట్టినవాడు గ్రంథమును బాటించినవాడు గాడు. ప్రయోగమును జేసినవాడును గాడు.

ఇట్టి పరీక్షకు ముందు జరుగవలసిన పని పాఠనిర్ణయము. ఆంధ్రవైద్యులలో జిరకాలముగ వ్యాప్తిగన్న బసవరాజీయము 1940 నాటి ఔషధశాసనపు మొదటి యనుబంధములో బ్రామాణిక గ్రంథముగ బేర్కొనబడినది. తంజావూరి సరస్వతీమహలు, మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారము మొదలగు చోట్ల తెలుగు లిపిలోని వైద్యగ్రంథ ప్రతులు గలవు. హైదరాబాదులోని జాతీయ భారతీయ వైద్యవారసత్వ సంస్థ యిట్టి గ్రంథముల చరిత్రకే యేర్పడినది. మొక్కల తెలుగు పేళ్లను శాస్త్రనామములతో జతపఱచిన తొలి ప్రయత్నములలో వాల్టరు ఎలియటు 1859లో మద్రాసునందు బ్రకటించిన ఫ్లోరా ఆంధ్రికా ముఖ్యమైనది. అది విశేషించి ఉత్తర సర్కారుల వాడుకపై నాధారపడినది. గోదావరి మొదటి గట్టున, ఉర్దూ మరాఠీల సాంగత్యమున బెరిగిన యిందూరు సీమ నుడికి దానిలో జోటు దక్కలేదు. ఒక సీమలో నొక మొక్కకున్న పేరు మఱొక సీమలో వేఱొక మొక్క కుండుట వైద్యులకు నిత్యానుభవము. కావున ప్రతి పేరునకును ఎండబెట్టి కాగితముల నడుమ భద్రపఱచిన కొమ్మయో దుంపయో తోడుండవలెను. పేరును జెప్పిన యూరును వ్రాసికొనవలెను. అప్పుడే బసవరాజీయములోని యోగమునకును, గ్రామ వైద్యుని మూటలోని వేరునకును, ప్రయోగశాలలోని సారమునకును నడుమ నమ్మదగిన త్రోవ యేర్పడును.

నిజామాబాదు రైతులు పసుపునకై యొక బోర్డు కావలెనని చిరకాలము పోరాడిరి. 2019 లోకసభ యెన్నికలలో నీ నియోజకవర్గమున 185 మంది యభ్యర్థులు నిలువగా, వారిలో అత్యధికులు రైతులే. 2023లో జాతీయ పసుపు బోర్డు ప్రకటితమై, 2025 జనవరిలో నిజామాబాదున నారంభమయ్యెను. కమ్మరపల్లిలో పసుపు పరిశోధన స్థానము గలదు. విత్తనము, తెగులు, ధర యను విషయములు వీని పరిధిలోనివి. పసుపు గుణములను గూర్చి సంతలో బలుకబడు మాటలలో నేది గ్రంథమున గలదు, ఏది లేదు, గ్రంథమున నున్నది యే మొక్కను గూర్చినది, ఏ కల్పనను గూర్చినది యని తేల్చుట మాత్రము భాష నెఱిగినవారి పని. రెంజల్, బోధను, ఆర్మూరు పాఠశాలల పండితులు తమ విద్యార్థులచేత నింటింటి ఓషధినామములను వ్రాయించి, మొక్కల నమూనాలతో సరిచూచినచో, ఆ పట్టిక ఫ్లోరా ఆంధ్రికాలోని కొఱతను బూరించుటయే గాక, రేపటి ప్రయోగశాలకు మొదటి పత్రమగును.