బాకీ డబ్బులకి ఏ ఊరి కోర్టు?

అమెరికాలో 1099 మీద సొంతంగా పనిచేసే మనవాళ్ళు చాలామందే ఉన్నారు. ఉండేది టెక్సాస్‌లో, పనిచేసేది ఏ న్యూజెర్సీ కంపెనీకో. ఇన్వాయిస్ పంపి ఆర్నెల్లైనా డబ్బు రాకపోతే కేసెక్కడ వెయ్యాలి? "మా ఇంట్లో కూర్చుని చేశాను కాబట్టి మా ఊళ్ళోనే" అనుకుంటాం. అంత తేలిక కాదు. ఎందుకో తెలియాలంటే ఒక పాతకథ చెప్పుకోవాలి. (నేను లాయర్ని కాదు, కోడు రాసుకు బతికేవాణ్ణి. చరిత్రంటే సరదా, అంతే.)

1860ల్లో ఆరిగన్‌లో మిచెల్ అనే వకీలు, నెఫ్ అనే క్లయింటు మూడొందల డాలర్ల లోపు ఫీజు ఎగ్గొట్టాడని దావా వేశాడు. నెఫ్ అప్పటికి ఆ రాష్ట్రంలో లేడు. ఒక చర్చి వారపత్రికలో ప్రకటన వేసి అదే నోటీసన్నారు. నెఫ్ రాలేదు, తీర్పు మిచెల్‌కి వచ్చింది. నెఫ్ భూమిని వేలం వేస్తే మిచెల్లే కొని పెనోయర్ అనే ఆయనకి అమ్మేశాడు. తర్వాత నెఫ్ ఆ భూమి కోసం కోర్టుకెక్కాడు. 1878లో సుప్రీంకోర్టు అతన్నే గెలిపించింది. మనిషికి రాష్ట్రంలోపల నోటీసివ్వాలి, లేదా ఆస్తిని ముందే జప్తు చెయ్యాలి, లేదా అతనే హాజరవ్వాలి. లేకపోతే ఆ తీర్పు చెల్లదంది. అన్నట్టు మిచెల్ తర్వాత సెనేటరయ్యాడు, పెనోయర్ ఆరిగన్ గవర్నరయ్యాడు!

గమనించారా? ఈ చట్టానికి మూలమైన కేసు కూడా చేసిన పనికి రాని డబ్బు గొడవే.

రైళ్ళూ కార్లూ వచ్చాక సరిహద్దు గీత ఒక్కటే సరిపోలేదు. సెయింట్ లూయిస్‌లోని ఇంటర్నేషనల్ షూ కంపెనీ వాషింగ్టన్ రాష్ట్రంలో పది పన్నెండు మంది సేల్స్‌మెన్‌ని పెట్టుకుంది. వాళ్ళ చేతికి శాంపిల్‌గా జతలో ఒక్క బూటే ఇచ్చేది! నిరుద్యోగ నిధికి డబ్బు కట్టమంటే "మాకక్కడ ఆఫీసే లేదు" అంది. 1945లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ రాష్ట్రంతో న్యాయమనిపించేంత కనీస సంబంధం ఉంటే చాలు, కేసు నడుస్తుందంది.

మరి కాంట్రాక్టు ఉంటే ఆ సంబంధం ఉన్నట్టేనా? 1985లో బర్గర్ కింగ్ కేసులో కాదన్నారు. కాంట్రాక్టు ఒక్కటే చాలదు. ముందు జరిగిన బేరాలూ, షరతులూ, ఎన్నాళ్ళ వ్యవహారమన్నదీ చూడాలి. ఇరవయ్యేళ్ళ ఒప్పందం కాబట్టి మిషిగన్ ఫ్రాంచైజీవాడు ఫ్లోరిడాలోనే జవాబు చెప్పుకోవలసొచ్చింది. 2014లో వాల్డెన్ కేసులో ఇంకో మాట తేల్చారు: ప్రతివాదికీ రాష్ట్రానికీ మధ్య ఉన్న లంకె వాది ఒక్కడే అయితే చాలదు. అంటే మీరు టెక్సాస్‌లో ఉండటం మీ సంగతి. కంపెనీ టెక్సాస్‌తో ఏం పెట్టుకుందన్నదే ప్రశ్న.

పోనీ మనూళ్ళో కేసు వేస్తే కంపెనీ రాలేదు, తీర్పు మనకే వచ్చిందనుకుందాం. వసూలుకి వాళ్ళ రాష్ట్రం వెళ్తే "ఆ కోర్టుకి మా మీద అధికారమే లేదు" అని అడ్డుపడొచ్చు. నెఫ్ చేసిందదే.

నాకు నచ్చనిది ఇక్కడే ఉంది. దూరపు కోర్టుకి ఈడ్చకుండా మనిషిని కాపాడ్డానికి పుట్టిన సూత్రం, నాలుగువేల డాలర్ల బాకీ దగ్గరికొచ్చేసరికి కంపెనీకి గొడుగవుతోంది. విమానం టికెట్టూ లాయరు ఫీజూ కలిపితే బాకీని మించిపోతాయి. ఆ సంగతి కంపెనీకి బాగా తెలుసు.

పైగా వివాదాలన్నీ ఫలానా రాష్ట్రంలోనే తేల్చుకోవాలని కాంట్రాక్టు చివరి పేజీలో ఒక లైనుంటుంది. 1991లో కార్నివాల్ క్రూయిజ్ కేసులో, టికెట్టు మీద అచ్చేసిన అలాంటి షరతే చెల్లుతుందన్నారు. మనం గంటకెంత అన్నదాని మీద మూడ్రోజులు బేరమాడి, ఆ లైను చదవకుండా సంతకం పెడతాం. దాని మీదా ఒక మాట బేరమాడండి, సంతకానికి ముందే.