తోడు నడిచే దారి: కవిత్వంలో బ్రతుకుబాట పుట్టుపూర్వోత్తరాలు

మనిషి బ్రతుకును నడకగాను, ఆ నడక సాగే నేలను దారిగాను భావించడం ఎంత పాతదంటే, భారతీయ వాఙ్మయంలో మనకు దక్కిన తొలి గ్రంథమైన ఋగ్వేదంలోనే అది రెండు వేర్వేరు తావులలో, రెండు వేర్వేరు దేవతల అధీనంలో కనిపిస్తుంది. బ్రతికి ఉన్నవారు నడిచే దారికి అధిదేవత పూషుడు. ఇతడు పశువులను, బాటసారులను కాపాడేవాడు. ప్రథమ మండలంలోని 42వ సూక్తంలో ఋషి అతణ్ణి తమకు ముందు నడవమనీ, దారిలో పొంచి ఉండే తోడేలును, దోపిడీకాణ్ణి తరిమివేయమనీ, మంచి మేత ఉన్న చోటికి తమను చేర్చమనీ వేడుకుంటాడు. ఇక్కడి దారి ఇంకా ఉపమానం కాదు. అది అడవిమృగాల భయం, దొంగల భయం నిజంగానే ఉన్న మట్టిదారి. దారి బ్రతుకుకు సంకేతంగా మారడానికి కావలసిన సరంజామా, అంటే అపాయం, అలసట, ముందు నడిచేవాడి అవసరం, అంతా ఆ మట్టిలోనే ఉంది.

రెండవ దారి చనిపోయినవారిది. దశమ మండలంలోని 14వ సూక్తం అంత్యక్రియలకు సంబంధించినది. ఆ దారిని మొట్టమొదట కనుగొన్నవాడు యముడని, పితరులందరూ అతని వెనుకనే వెళ్ళారని అది చెబుతుంది. చనిపోయినవాణ్ణి ఉద్దేశించి పూర్వులు వెళ్ళిన ఆ పాత దారినే వెళ్ళమంటుంది. అదే సూక్తంలో దారిని ఏర్పరచిన ప్రాచీన ఋషులకు నమస్కారం ఉంది. వారిని పథికృత్తులు, అనగా బాట వేసినవారు, అని పేర్కొన్నది. ఆ దారిని కాపలా కాసే రెండు కుక్కల ప్రస్తావన కూడా అక్కడే వస్తుంది. ఒక్కొక్కదానికి నాలుగేసి కళ్ళు. ఈ సూక్తంలో గమనించవలసినది ఒకటున్నది. ఏ దారిన వెళ్ళాలన్న సందేహం ఇందులో ఎక్కడా లేదు. ముందు ఎవరు నడిచారు, వెంట ఎవరున్నారు అన్నవే దీని ప్రశ్నలు. తరువాతి మూడు వేల ఏళ్ళలో ఈ నేల మీది కవులు దారిని గురించి చెప్పినదానిలో చాలా భాగం ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగింది.

ఉపనిషత్తులు దారిని జ్ఞానానికి సంకేతం చేశాయి. కఠోపనిషత్తు శరీరాన్ని రథంగా, బుద్ధిని సారథిగా, మనస్సును పగ్గంగా, ఇంద్రియాలను గుర్రాలుగా చెప్పి, అవి పరుగెత్తే దారులే విషయాలు, అంటే ఇంద్రియాలకు అందే లోకవస్తువులు, అన్నది. ఈ రూపకం చాలా ప్రసిద్ధమైనదే అయినా, దారి విషయంలో అంతకన్నా లోతైనది ఛాందోగ్యం ఆరవ అధ్యాయంలో ఉద్దాలక ఆరుణి తన కొడుకు శ్వేతకేతువుకు చెప్పిన గాంధార పురుషుని దృష్టాంతం. ఒక మనిషిని కళ్ళకు గంతలు కట్టి, గాంధార దేశం నుంచి తీసుకువచ్చి, జనసంచారం లేని చోట విడిచిపెట్టారు. అతడు దిక్కు తెలియక నాలుగు వైపులకూ తిరిగి అరుస్తుంటే, ఎవరో వచ్చి గంతలు విప్పి, గాంధారం ఫలానా వైపున ఉంది, అటు వెళ్ళమన్నారు. అతడు ఊరి నుంచి ఊరికి దారి అడుగుతూ వెళ్ళి తన దేశం చేరుకున్నాడు. ఆచార్యుడు ఉన్నవాడికే జ్ఞానం కలుగుతుందని నిరూపించడం ఈ దృష్టాంతానికి ప్రయోజనం. అయితే గంతలు విప్పినవాడు గాంధారం దాకా వెంట రాలేదన్న సంగతిని కూడా ఉపనిషత్తు దాచలేదు. అతడు దిక్కు మాత్రమే చూపించాడు. మిగిలిన దారి అంతా పేరు కూడా తెలియని ఊళ్ళవారు చెప్పినదే. గురువుకు ఇచ్చిన గౌరవాన్ని తగ్గించకుండానే, దారిలో ఎదురయ్యే సామాన్య జనానికి కూడా ఇంత చోటు ఇచ్చిన ఉపమానం ప్రాచీన సాహిత్యంలో అరుదు.

బౌద్ధం తన సాధనా క్రమానికి అష్టాంగమార్గమని పేరు పెట్టుకున్నది. సంయుత్తనికాయంలోని నగరసుత్తంలో బుద్ధుడు తనను అడవిలో తిరుగుతూ పూర్వులు నడిచిన పాత బాట ఒకటి కనుగొన్న మనిషితో పోల్చుకున్నాడు. ఆ బాట వెంట వెళితే పాడుపడిన ఒక పురాతన నగరం కనిపిస్తుంది. ఆ సంగతి విన్న రాజు దానిని మళ్ళీ నిలబెడతాడు. కొత్త ధర్మాన్ని బోధించేవాడు సైతం తనది కొత్త దారి అనక, మొక్కలు మొలిచి మూసుకుపోయిన పాత దారి అనడంలో ఋగ్వేద సూక్తంలోని ఆలోచనే మరొక నోట పలికింది.

మహాభారతంలో దారి రెండు సార్లు ప్రధానమవుతుంది. తెలుగులో ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వ శేషంలోకి వచ్చే యక్షప్రశ్నల ఘట్టంలో, సంస్కృత మూలపు ప్రచలిత పాఠం ప్రకారం, దారి ఏది అని యక్షుడు అడుగుతాడు. తర్కం నిలకడ లేనిదనీ, ఋషుల మాటలు ఒకదానితో ఒకటి కలవవనీ చెప్పిన ధర్మరాజు, పెద్దలు నడిచినదే దారి అని తేల్చుతాడు. ఆ సమాధానానికి అసలు పరీక్ష కథ చివర వస్తుంది. మూడే అధ్యాయాలున్న మహాప్రస్థానిక పర్వంలో పాండవులు నారచీరలు కట్టి ఉత్తరదిశగా నడుస్తారు; తెలుగువారు ఈ భాగాన్ని తిక్కన పద్యాలలో చదువుకున్నారు. ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా పడిపోతారు. పడిన ప్రతి ఒక్కరి గురించీ భీముడు కారణం అడుగుతాడు, ధర్మరాజు చెబుతాడు, కాని వెనుదిరిగి చూడడు. చివరికి మిగిలిన తోడు ఒక కుక్క. ఇంద్రుడు రథం తెచ్చినప్పుడు ఆ కుక్కను విడిచి స్వర్గానికి రానని అతడు నిరాకరించడం, ఆ కుక్క తన తండ్రి యమధర్మరాజేనని తేలడం తెలుగు నాట పిల్లలకు కూడా తెలిసిన కథ. దీనిని ఋగ్వేద సూక్తంతో కలిపి చదివినప్పుడు ఒక అందమైన మార్పు కనిపిస్తుంది: పితరుల దారిలో భయపెట్టే కావలిగా నిలిచిన యముని కుక్క, ఇక్కడ విడిచిపెట్టరాని సహచరి అయింది. అన్నదమ్ముల వైపు తిరిగి చూడనివాడు కుక్క కోసం స్వర్గం ముంగిట ఆగాడు. ఈ వైరుధ్యాన్ని ఇంద్రుడే ఎత్తిచూపితే, చనిపోయినవారిని బ్రతికించలేను గనుకనే విడిచాననీ, బ్రతికి ఉండగా విడవలేదనీ ధర్మరాజు జవాబిస్తాడు. 

పాశ్చాత్య కవిత్వంలో దారి ఎక్కువగా రెండుగా చీలే కూడలిగా కనిపిస్తుంది. యౌవనంలోకి అడుగుపెడుతున్న గ్రీకు వీరుడు హెరాక్లీజ్ సుఖం, సుగుణం అనే ఇద్దరు స్త్రీలు చూపే రెండు దారులలో ఒకదానిని ఎంచుకోవలసి వచ్చిన కథను తత్త్వవేత్త ప్రోడికస్ చెప్పగా రచయిత జెనొఫన్ నమోదు చేశాడు. మన కళాశాలల పాఠ్యపుస్తకాల ద్వారా తెలుగు విద్యార్థులకు పరిచయమైన రాబర్ట్ ఫ్రాస్ట్ కవిత ‘ద రోడ్ నాట్ టేకెన్’ (1915) ఆ వరుసలోనిదే. దారులు ఎంచుకోవడానికి తటపటాయించే తన మిత్రుడు, కవి ఎడ్వర్డ్ థామస్‌ను దృష్టిలో పెట్టుకుని ఫ్రాస్ట్ దానిని రాశాడు. అక్కడ నడిచేవాడు ఒక్కడు, అతని సమస్య ఎంపిక. ఈ చూపుతో వేదసూక్తాన్నో మహాప్రస్థానిక పర్వాన్నో చదివితే వాటిలో నాటకీయత లేదనిపించవచ్చు. వాటి నాటకీయత ఎంపికలో లేదు, తోడులో ఉంది.

తెలుగు దేశంలో దూరప్రయాణమంటే శతాబ్దాల పాటు కాశీయాత్రే. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో పరివారంతో బయలుదేరి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ చేరి, 1831లో తిరిగివచ్చాడు. 1838లో అచ్చయిన ఆయన యాత్రాచరిత్ర వచన గ్రంథమే అయినా, మజిలీ అనే మాటకు ఆ రోజుల్లో ఉన్న బరువు దానివల్లనే తెలుస్తుంది. నీళ్ళు, నీడ, అంగళ్ళు ఉన్న చోటు చూసుకుని బస దిగడమే మజిలీ. తరువాత మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలు కూర్చినప్పుడు ఆ బసనే కథనసూత్రంగా చేసుకున్నాడు. మణిసిద్ధుడనే యతి కాశీకి వెళుతూ తోడు కావాలనుకుంటాడు. పశువులు కాసే కుర్రవాడు ప్రతి మజిలీలో ఒక కథ చెబితేనే వస్తానంటాడు. తోడు ఉచితంగా రాదని, కథ చెప్పి సంపాదించుకోవాలని ఇంత సూటిగా చెప్పిన రచన మరొకటి లేదు.

ఆధునిక కవిత్వంలో ఈ దారిని మలుపు తిప్పినవాడు శ్రీశ్రీ. 1934లో రాసిన గేయానికి, 1950లో పుస్తకరూపం పొందిన సంపుటికి ఆయన పెట్టిన పేరు ‘మహాప్రస్థానం’. చావుకు నడిచే రాచకుటుంబపు ప్రయాణం పేరు, కొత్త లోకానికి నడిచే జనసమూహానికి వచ్చింది. నాలుగేసి మాత్రల సమమైన నడకతో ఆ గేయం కదం తొక్కుతుంది. పితరులు వేసిన బాటకు ఇందులో నమస్కారం లేదు. వయసు మళ్ళిన సోమరులకు ఇందులో చోటు కూడా లేదు. వేదకాలం నుంచి వచ్చిన మొదటి ప్రశ్నను, అంటే ముందు నడిచినవారెవరన్నదానిని, శ్రీశ్రీ పూర్తిగా తోసిపుచ్చి, రెండవదానిని మాత్రం, అంటే వెంట ఎవరున్నారన్నదానిని, లోకమంత పెద్దది చేశాడు. తెలుగు కవిత్వంలో ఇంతకంటె పెద్ద తెగింపు జరగలేదు.

అదే సంపుటిలో ‘బాటసారి’ ఉంది. కూలి వెతుక్కుంటూ పట్నానికి బయలుదేరినవాడు, తల్లి వద్దన్నా వినక వచ్చినవాడు, దారి తప్పి, జబ్బుపడి, రాత్రివేళ దిక్కులేకుండా కన్నుమూస్తాడు. గురజాడ 1910లో ముత్యాలసరాలకు వాడిన మిశ్రగతి, అంటే మూడు, నాలుగు మాత్రలు కలిసిన ఏడు మాత్రల నడక, దీని నడక కూడా. సమపాదంతో సాగే కవాతుకు పక్కనే ఒక కాలు ఈడ్చుకుంటూ నడిచే మనిషి అడుగు వినిపిస్తుంది. మహాప్రస్థానంలోని జనానికి అందరూ తోడే. బాటసారికి ఎవరూ లేరు. గాంధారం వాడికి దొరికినట్టు దారి చెప్పే ఊరు కూడా దొరకలేదు. సంపుటికి పేరిచ్చిన గేయానికే సభలలో పేరు ఎక్కువగా వచ్చినా, దారి బ్రతుకుకు సంకేతమైన చరిత్రలో ‘బాటసారి’ది తక్కువ స్థానం కాదు, ఎందుకంటే అందులో దారి మళ్ళీ ఋగ్వేద కాలపు మట్టిదారి అయింది: చలి, వాన, ఆకలి ఉన్న నిజమైన దారి.

2020 వేసవిలో వలస కూలీలు నగరాల నుంచి వందల మైళ్ళు కాలినడకన సొంత ఊళ్ళకు మళ్ళినప్పుడు తెలుగులో కవితలు విరివిగా వచ్చాయి. వారు వేలమంది కలిసి నడిచారు, అయినా అది కవాతు కాలేదు. శ్రీశ్రీ బాటసారి పల్లె విడిచి పట్నానికి నడిచిన దారినే వారు ఎదురుదిశలో నడిచారు.