మంచుదేశంలో పెరటి మొక్కలు: కొంత చరిత్ర

ఉగాది భోజనాల దగ్గర ప్రతి ఏడూ మాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "డాక్టరుగారూ, ఈ చలికి మీ పెరట్లో ఏం బతికింది?" అని. రోగుల సంగతి ఎవరూ అడగరు. రోగుల మాట ఎలా వున్నా, మొక్కల విషయంలో మా చేతిలో పోయిన ప్రాణాలు తక్కువేమీ కావు. కాబట్టి ఈ వ్యాసం రాసే అర్హత మాకు నష్టాల వల్ల వచ్చిందే గాని చదువు వల్ల వచ్చింది కాదని ముందే మనవి చేసుకుంటున్నాము.

అయోవాలోని ఈ చిన్న ఊరికి మేము వచ్చింది మూడేళ్ళ ఒప్పందం మీద. డాక్టర్లు చాలని ఊళ్ళలో మూడేళ్ళు పనిచేస్తే ఈ దేశంలో వుండనిచ్చే పద్ధతి 1994 నుంచి వున్నదే. మనవాళ్ళు చాలామంది ఆ దారినే వచ్చారు. మూడేళ్ళయ్యాక ఏదైనా పెద్ద ఊరు, ఆ తరవాత ఏమో, అసలు ఇంటికే పోతామేమో! ఇల్లు కొన్నామన్న మాటే గాని మనసు అద్దె ఇంట్లోనే వుండేది. అందుకని బంతి, జినియా లాంటివే వేసేవాళ్ళం. వసంతంలో నాటడం, అక్టోబరులో పీకి పారెయ్యడం. ఒకసారి నాటితే ఏటేటా తనంతట తానే లేచే బహువార్షికాలు, ఇక్కడివాళ్ళు పెరీనియల్స్ అనేవి, మాకెందుకులే అనుకున్నాము. అవి వెయ్యడమంటే ఇక్కడే వుంటామని సంతకం పెట్టినట్టు అనిపించేది.

ఆ నియమం మొదట తప్పింది చామంతి దగ్గర. ఒక అక్టోబరులో అంగడి ముందు కుండీల నిండా విరగబూసిన చామంతులు పెట్టారు. చలికి ఆగుతుందని చీటీ కూడా వుంది. దసరా రోజులు, చేతులు ఆగుతాయా? నాలుగు తెచ్చి నాటాము. ఏప్రిల్లో చూస్తే నాలుగు కట్టెలు మిగిలాయి. చీటీలో అబద్ధం లేదని తరవాత తెలిసింది. చామంతి చలికి ఆగుతుంది గాని, వేళ్ళు నేలలోకి పాకడానికి దానికి వ్యవధి కావాలి. బలమంతా పూతకు పోసిన మొక్కను నేల గడ్డకట్టబోయే ముందు నాటితే ఏం చేస్తుంది పాపం! మే నెలలో నాటవలసింది. చలికి ఆగే చామంతి కోసం ఈ దేశంలో జరిగిన కృషి కూడా చిన్నదేమీ కాదు. కనెక్టికట్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే తోటపని నిపుణుడు 1930లలో కొరియా చామంతి పేరుతో కొత్త సంకరాలు తెచ్చాడు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు దశాబ్దాల పాటు ఇదే పని మీద వున్నారు. మన పూజకు వచ్చే పువ్వుకు ఇంత పరిశోధన జరిగిందని మాకు అంతకుముందు తెలియదు.

అసలు ఏది ఎక్కడ బతుకుతుందో తేల్చడానికే ఇక్కడివాళ్ళకు చాలా కాలం పట్టింది. యూరపు నుంచి వచ్చినవాళ్ళు తమ ఊరి మొక్కలు వెంట తెచ్చుకుని, చంపుకుని, మళ్ళీ తెచ్చుకుని నేర్చుకున్నారు, మనలాగే. బోస్టన్‌లోని ఆర్నాల్డ్ వృక్షోద్యానంలో పనిచేసిన ఆల్ఫ్రెడ్ రేడర్ 1927లో తన పుస్తకంలో దేశాన్ని చలినిబట్టి ఎనిమిది మండలాలుగా విడదీశాడు. అక్కడే పనిచేసిన డొనాల్డ్ వైమన్ 1938లో ఇంకొక పటం వేశాడు. 1960లో ప్రభుత్వ వ్యవసాయ శాఖ వారు పది డిగ్రీలకు ఒక జోను చొప్పున తమ పటం తాము ప్రకటించారు. చాలా ఏళ్ళు రెండు పటాలూ చలామణీ అయ్యాయి. ఒకదానిలో అయిదంటే రెండోదానిలో అయిదు కాదు! రెండు ఆసుపత్రుల్లో రెండు రకాల థర్మామీటర్లు పెట్టినట్టుంది వ్యవహారం. చివరికి ప్రభుత్వం వారిదే నిలిచింది. దాన్ని 1990లోను, 2012లోను, 2023లోను సవరించారు. కిందటి సవరణలో దేశంలో సగం మేర అర జోను వెచ్చని వైపుకు జరిగింది.

జోను అంకె చెప్పేది ఒక్కటే సంగతి. మీ చోట ఏడాదిలో అన్నిటికన్నా చల్లని రాత్రి ఎంతదాకా దిగుతుందో ముప్పై ఏళ్ళ లెక్క తీసి కట్టిన సగటు అది. అయిదో జోనంటే సున్నాకు దిగువ 10 నుంచి 20 ఫారెన్‌హైట్ డిగ్రీలు. సగటు అన్నాము, హద్దు అనలేదు. 2019 జనవరి ఆఖర్న అయోవాలో కొన్నిచోట్ల చలి సున్నాకు దిగువ 25 కూడా దాటింది. పైగా మొక్కను చంపేది ఒక్క చలే కాదు. నేల గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టినప్పుడల్లా మొక్క మొదలు పైకి తన్నుకొచ్చి వేళ్ళు గాలికి ఎండుతాయి. నీరు నిలిచే చోట దుంప కుళ్ళిపోతుంది. మంచు మాత్రం శత్రువు కాదు, దుప్పటి. మంచు పడని చలికాలమే భయంకరం. ఎండుటాకులు కప్పదలచుకుంటే నేల గడ్డకట్టిన తరవాతనే కప్పాలి. కప్పేది వెచ్చదనం కోసం కాదు, కరక్కుండా వుండడం కోసం.

ఈ పటాలేవీ చూడకుండా మాకు బహువార్షికాన్ని పరిచయం చేసింది ఈ ఇంట్లో మాకు ముందు కాపురమున్న ముసలావిడ. ఆవిడను మేము చూడలేదు. కొన్న మరుసటి ఏప్రిల్లో పక్కగోడ వెంట ఎర్రటి మొలకలు వేళ్ళలా నేలలోంచి పొడుచుకొచ్చాయి. జూను మొదటి వారానికి తెల్లటి ముద్దపువ్వులు, అక్కడక్కడ కుంకుమ చిలికినట్టు ఎర్రని చుక్కలు. అది పియొనీ అనీ, రకం ఫెస్టివా మాక్సిమా కావచ్చుననీ పొరుగాయన చెప్పాడు. ఆ రకం 1851లో ఫ్రాన్సులో పుట్టింది, ఇంకా అమ్ముతున్నారు. పియొనీ మొదటి దేశం చైనా వైపు. అక్కడ దాని వేరు ఎన్నో శతాబ్దాలుగా మందు. గ్రీకుల కథల్లో దేవతలకు వైద్యం చేసిన పేయన్ పేరే దీనికి వచ్చింది; ఇలియడ్‌లో గాయపడ్డ యుద్ధదేవతకు కట్టుకట్టింది ఆయనే. పందొమ్మిదో శతాబ్దంలో పడమటికి బళ్ళ మీద పోయినవాళ్ళు దీని దుంపలు మూటగట్టి తీసుకుపోయారు. ఇల్లు కూలి, పొలం పడావు పడ్డ చోట కూడా ఇది పూస్తూనే వుంటుంది. యాభై ఏళ్ళు బతకడం దీనికి మామూలే. అయితే నాటిన తరవాత సరిగ్గా పూతకు రావడానికి మూడేళ్ళు పడుతుంది. ఆ మాట విన్ననాడు మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము.

ఇంకొకటి కూడా తెలుసుకున్నాము. చలికాలం లేకపోతే పియొనీ పూయదు. బెజవాడ తీసుకుపోయి ఎంత ముద్దుగా పెంచినా ఆకు వెయ్యవచ్చు గాని పువ్వు చూపించదు. మన మల్లె ఇక్కడ పడే బాధ అది అక్కడ పడుతుందన్నమాట.

వైద్యుల పేర్లు ఇక్కడి పెరళ్ళలో ఎన్ని వున్నాయో చూస్తే వృత్తి గర్వం కాస్త కలుగుతుంది. తేనెటీగలకిష్టమైన మొనార్డా పేరు పదహారో శతాబ్దపు స్పెయిన్ వైద్యుడు మొనార్డెస్‌ది. 1773లో బోస్టన్ రేవులో తేయాకు పారబోశాక ఇక్కడివాళ్ళు దీని ఆకులతో టీ కాచుకున్నారు. నీడలో పెరిగే హోస్టా పేరు ఆస్ట్రియా చక్రవర్తి ఆస్థాన వైద్యుడు హోస్ట్‌ది. దాన్ని జపాను నుంచి యూరపుకు తెచ్చినవారిలో ముఖ్యుడు సీబోల్డ్, 1823లో అక్కడికి డాక్టరుగా వెళ్ళినవాడు. తన దగ్గర ఆ దేశపు పటాలు దొరికినందుకు 1829లో వెళ్ళగొట్టారు. (హోస్టా వేసేవారు జింకల సంగతి కూడా ఆలోచించుకోవాలి. మా ఊరి జింకలకు అది తోటకూర.) మన గోదావరి జిల్లా సామర్లకోటలో 1781 నుంచి కుంఫిణీ డాక్టరుగా వుండి మొక్కలు సేకరించిన రాక్స్‌బర్గ్ కూడా ఈ కోవలోనివాడే. కోరమండల్ మొక్కల మీద లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో తెలుగు పేర్లు కూడా కనిపిస్తాయి.

ఇక మందార. మన మందార ఇక్కడ కుండీలోనే, అదీ చలికాలమంతా ఇంట్లోనే. కాని ఈ దేశపు చిత్తడి నేలల్లో పుట్టిన మందార ఒకటుంది. అది అయిదో జోను చలికి ఆగుతుంది. శీతాకాలంలో పైనంతా చచ్చి మొదలు మాత్రం మట్టిలో బతికి వుంటుంది. మనసు చంపుకోలేక ఒకటి కొన్నాము. మరుసటి మే నెలలో ఇరుగుపొరుగు మొక్కలన్నీ మోకాలెత్తు లేచినా దీని జాడ లేదు. చచ్చిందని నిర్ధారణ చేసి తవ్వి గట్టు మీద పడేశాము. ఆ వారమే తెనాలి నుంచి మా అమ్మ వచ్చింది. ప్రయాణపు అలసట తీరకుండానే పెరట్లోకి వెళ్ళి ఆ మొద్దు చేతిలోకి తీసుకుంది. "చచ్చినదైతే ఇంత బరువుంటుందిట్రా?" అని గోటితో వేరు గీరింది. లోపల తెల్లగా, తడిగా వుంది. "ఇద్దరూ డాక్టర్లేగా, నాడి చూడకుండానే తేల్చేశారా?" అని మళ్ళీ పాతి నీళ్ళు పోసింది. జూను రెండో వారంలో మొలక వచ్చింది. ఈ మందార అందరికన్నా ఆలస్యంగా నిద్రలేస్తుందనీ, అలా తొందరపడి తవ్వేసేవాళ్ళు ఇక్కడ ఎందరో వున్నారనీ తరవాత తెలిసింది. ఆగస్టులో పళ్ళెమంత పువ్వు విచ్చింది. ఒక్కరోజు పువ్వే, మన మందార లాగే. "ముద్దమందార కాదు గాని, రెక్కమందారకు మేనత్త కూతురులా వుంది" అని అమ్మ కోసి దేవుడి దగ్గర పెట్టింది. ఇప్పుడు మేము ప్రతి అక్టోబరులో దాని మొదట్లో ఒక పుల్ల గుచ్చి వుంచుతున్నాము, మళ్ళీ మా చేతులు తొందరపడకుండా.

మూడేళ్ళ ఒప్పందం కిందటేడు అయిపోయింది. పెద్ద ఊరి నుంచి పిలుపు వచ్చింది, వెళ్ళలేదు. పచ్చకార్డు వరుస ఎప్పటికి కదులుతుందో ఎవరూ చెప్పలేరు. అమ్మకు మాత్రం ఇంకా ఏమీ గట్టిగా చెప్పలేదు. ఫోనులో మందార ఎలా వుందని అడిగి ఊరుకుంటుంది.

ఈ సెప్టెంబరు ఆఖర్న పక్కగోడ పియొనీని తవ్వి విడదీస్తున్నాము. ఒక్కొక్క ముక్కకు మూడు నుంచి అయిదు కళ్ళుండేలా కోస్తాము. ఎండ పడే చోట, నీరు నిలవని చోట, కళ్ళ మీద రెండంగుళాలకు మించి మట్టి లేకుండా నాటుకోవాలి. లోతుగా పాతితే ఆకులే తప్ప పువ్వులుండవు. ఏడెనిమిది ముక్కలు రావచ్చు. మా గోడ పక్కకు రెండు వుంచుకుంటాము. మిగతావి కావలసినవారు సంచీ తెచ్చుకోగలరు.