మనం పీల్చిన ఆక్సిజన్ ఏమవుతుంది? ఎల్లాప్రగడ సుబ్బారావు గారి కథ

మాది బనగానపల్లె. మా వైపు నాపరాళ్ల గనులు ఎక్కువ. బండ ఎత్తే హమాలీని ఎప్పుడైనా గమనించండి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడతాడు, దించాక రొప్పుతాడు. మరి ఊపిరి ఆపిన ఆ క్షణంలో బలం ఎక్కడిది? తర్వాత పీల్చిన ఆక్సిజన్ ఏం చేసినట్టు?

వందేళ్ల కిందట సైన్సుకు ఇదే పెద్ద ప్రశ్న. కండరంలో చక్కెర విరిగి లాక్టిక్ ఆమ్లం అవుతుంది, కండరాన్ని ముడిచేది అదే, ఆక్సిజన్ తర్వాత వచ్చి దాన్ని సర్దుతుంది అని అప్పట్లో అనుకునేవాళ్లు. కండరాల మీద పనికే హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 వైద్య నోబెల్ దక్కింది.

ఆ రోజుల్లోనే మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు. పుట్టింది భీమవరం, వైద్యం చదివింది మద్రాసులో. స్ప్రూ అనే పేగుల జబ్బుకు అన్నను పోగొట్టుకున్న మనిషి. ఆసుపత్రిలో చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పరిశోధన మొదలుపెట్టారు.

1925లో ఇద్దరూ కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ కొలతే 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టిచ్చింది. కండరం పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతి దొరికితే మళ్లీ పెరుగుతుంది. 1929లో ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నాడు. 1930లో లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం తయారు కాకపోయినా కండరం ముడుచుకుంటుందని చూపించాడు. పాత సిద్ధాంతం కూలిపోయింది.

అంటే ఏటీపీ చేతిలో ఉన్న చిల్లర, ఫాస్ఫోక్రియాటిన్ జేబులో దాచిన నోటు. బండ ఎత్తిన క్షణంలో ఖర్చయ్యేది ఇవే. రొప్పేది, ఖర్చయింది మళ్లీ సంపాదించుకోవడానికి.

ఇక్కడే ఆక్సిజన్ వస్తుంది. గనిలో హమాలీలు వరుసగా నిలబడి రాయిని చేతులు మారుస్తారు కదా? మన కణాల్లోని మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు అట్లే చేతులు మారతాయి. లారీ దగ్గర నిలబడి అందుకునే చివరి మనిషే ఆక్సిజన్. అందుకుని, ప్రోటాన్లతో కలిసి నీరవుతుంది. అతను ఆగితే వరుసంతా ఆగుతుంది. ఆక్సిజన్ లేకుండా ఒక గ్లూకోజ్‌కు మిగిలేది 2 ఏటీపీలే, ఉంటే సుమారు 30. సైనైడ్ చంపేది కూడా ఇట్లే. రక్తంలో ఆక్సిజన్ ఉంటుంది, అందుకునే చేయి మాత్రం కట్టేసి ఉంటుంది.

చేతులు మారితే ఏటీపీ ఎట్లా పుడుతుంది? ఆ కదలికలో వచ్చే శక్తి ప్రోటాన్లను పొరకు అవతలికి తోస్తుంది, అవి వెనక్కి వచ్చేటప్పుడు ఏటీపీ తయారవుతుంది. 1961లో ఈ మాట చెప్పిన పీటర్ మిచెల్‌కు 1978లో నోబెల్ వచ్చింది.

సుబ్బారావు గారికి నోబెల్ రాలేదు, హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగమూ రాలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయారు. 1948లో, 53 ఏళ్లకే, కన్నుమూశారు. మీ పుస్తకంలో ఏటీపీ అని ఉన్నచోట పక్కన పెన్సిల్‌తో ఆయన పేరు రాసుకోండి. మళ్లీ కలుద్దాం.