లావైన గుండ్రని అచ్చక్షరము: కురిక్యాల, గుంజాల

ముంబయిలోని ఏక్ టైప్ సంస్థవారు 2016లో వెలువరించిన ‘బాలూ తమ్ముడు’ అను తెలుగు అచ్చులో గీత మిక్కిలి లావు, అంచులు మెత్తబడి గుండ్రనైనవి, వాడికొన కానరాదు. ఇట్టి అచ్చును లావైనది, గుండ్రనిది, సెరిఫు లేనిది అని మూడు విశేషణములతో వర్ణించుట పరిపాటి. తెలుగు లిపి విషయమున వీనిలో ఒక్కటియే సార్థకమని మా తలంపు.

సెరిఫనగా రోమను అక్షరపు గీత కొసను అడ్డముగా నిలుచు చిన్న పాదము. రోము నగరమున ట్రేజను స్తంభముపై క్రీ.శ. 113 నాటి శాసనమున అది స్పష్టముగా కలదు. అది లేని అచ్చును లండనులో నాలుగవ విలియం కాస్లన్ 1816లో చూపెను. మన తలకట్టును దానితో పోల్పవచ్చునా? పోల్పరాదు. ‘క’ ‘కి’ యైనపుడు తలకట్టు పోయి గుడి వచ్చును. అనగా తలకట్టు అచ్చు భేదమును తెలుపు గుర్తు. సెరిఫు తీసినను రోమను అక్షరము మాఱదు. కావున లేని పాదమును తొలగించితి మనుట మనకు చెల్లదు.

గుండ్రదనము సంగతియు నంతే. తాటాకు చినుగకుండుటకై మన లిపి గుండ్రనయ్యెనని చెప్పుదురు. కరీంనగర్ ప్రాంతమున గంగాధర మండలపు కురిక్యాల చేరువ, బొమ్మలగుట్టపై పంపకవి తమ్ముడు జినవల్లభుడు సుమారు 945లో చెక్కించిన శాసనమున సంస్కృత కన్నడములతోపాటు తెలుగు కందపద్యములును కలవు. నాడు తెలుగు కన్నడములకు లిపి యొక్కటే. ఱాతిపై ఉలికి తిన్నని గీతయే సులువు. అయినను ఆ లిపి వంపులు విడువలేదు. గుండ్రదనము లిపి సొత్తు, అచ్చుది కాదు.

మిగిలినది లావు. దూరమునుండి చదువవలసిన అంగడి బోర్డునకు, పత్రికా శీర్షికకు, గోడపత్రమునకు అది మేలు. చిన్న పరిమాణమున మాత్రము ‘థ’ లోని చుక్క పూడి ‘ధ’ యని భ్రమ గొలుపును. ‘రాష్ట్రము’లో ఒత్తుపై ఒత్తు చేరి ముద్దయగును. అధోజ్ఞాపికల కది తగదు. తరువాతి ‘బాలూ 2’ లో ఐదు మందములు కల్పించుట సమంజసమే.

తెలుగు పాఠకుడు చుక్క పూడినను సందర్భమునుబట్టి గ్రహించును. ఆదిలాబాదు ప్రాంతమున గుంజాల గ్రామపు గోండి వ్రాతప్రతుల లిపికి ఆ సౌకర్యము లేదు. ‘య’తో మొదలగు వర్ణక్రమము గల ఆ లిపి 2018లో యూనికోడున చేరినది. దాని అచ్చురూపములు మిక్కిలి కొలది. వానిలో ‘నోటో శాన్స్’ కుటుంబమునకు చెందిన దొకటి. సెరిఫు లేనిదను పేరు అక్కడికిని వెళ్లినది! పేరు వలన హాని లేదు. కాని బాలుడు తొలుత చూచిన అచ్చే అతని చేతివ్రాతకు ఒరవడి యగును. గోండి వాచకములకు లావు అచ్చును ఎన్నుకొనుటకు ముందు, ప్రతియక్షరమును వ్రాతప్రతులతో సరిచూచి, పూడిపోవు సందులెవ్వియో గుర్తింపవలసియున్నది.