మందు చేరని చోట కిరణము



1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన మన భీమవరమున యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. ఆ యేడే నవంబరు 8వ తేదీన జర్మనీదేశమున రాంట్జెను పండితుడు ఎక్స్‌రే కిరణములను కనుగొనెను. ఒకటి మందునకు, రెండవది కిరణవైద్యమునకు నాది. డెబ్బదియేండ్లు గడచిన పిమ్మట నీ రెండును పసిబిడ్డల తలలలో దాగిన యొక రోగముపై కలిసి పోరాడినవి. ఆ చరిత్రయే నేటి ప్రసంగము.

సుబ్బారావుగారి సోదరు లిరువురు స్ప్రూ యను వ్యాధిచే స్వల్పకాలములో మరణించిరి. ఆ దుఃఖము ఆయనను వైద్యపరిశోధనకు పురికొల్పినది. 1922లో ఆయన అమెరికాలోని బోస్టనునకు చేరిరి. తరువాత లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వమున రసాయనికులు ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిరి. అది స్ప్రూరోగులకు మేలుచేసినది. కాని రక్తమునకు సోకు క్యాన్సరునకు అదియే మేతయని తోచెను. అంతట ఆ మేతను దక్కనీయని విరుద్ధపదార్థములను సిద్ధపరచిరి. వానిలోనిదే మెథోట్రెక్సేట్. ఆ జాతిమందునే సిడ్నీ ఫార్బరు వైద్యుడు 16 మంది బిడ్డలకిచ్చి, 10 మందికి గుణము కనబడెనని 1948 జూనులో ప్రకటించెను. ఆ ఆగస్టు 8వ తేదీననే సుబ్బారావుగారు కన్నుమూసిరి.

అయినను ఆ గుణము నిలువలేదు. నెత్తురు శుభ్రపడిన బిడ్డలకే కొన్నాళ్లకు తలనొప్పి, వాంతులు పుట్టి, రోగము మెదడు పొరలలో తిరిగి కానవచ్చుచుండెను. కారణ మేమి? నెత్తుటిలోని ప్రతిపదార్థమును మెదడులోనికి రానీయని యొక కట్టుదిట్టమును ప్రకృతి యేర్పరచినది. లాకు తలుపులు మూసినపుడు కాలువ నిండుగా నున్నను శివారు పొలమున కొక చుక్కయైన నెక్కదు. మందు నెత్తుట నిండియున్నను మెదడు గతి యట్లేయయ్యెను. రోగకణము లచ్చట తలదాచుకొనెను.

కిరణమునకు కాలువతో పనిలేదు. అది కపాలపుటెముకను దాటిపోయి, విభాగము చెందు కణముల బీజమునే దెబ్బతీయును. 1962లో మెంఫిస్ నగరమున వెలసిన సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ వైద్యుడు 1967లో నొక ప్రయత్న మారంభించెను. రోగము తలలో బయటపడకమునుపే తలకు కిరణములను, వెన్నెముకలోని ద్రవమునకు సూదిద్వారా మెథోట్రెక్సేటును ఇప్పించెను. ఇతర మందులు మామూలే. ఇంచుమించు సగముమంది బిడ్డలు బ్రదికి బట్టకట్టిరి. అంతకుముందు ఆ రోగము దాదాపు మరణశాసనమే.

పెద్దలకు ఊపిరితిత్తులనుండి, రొమ్మునుండి మెదడునకు పాకు క్యాన్సరు సంగతి వేరు. 1954లో న్యూయార్కు మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు అట్టివారి మెదడంతటికిని కిరణములిచ్చిన ఫలితములను ప్రకటించిరి. అచ్చట ప్రధానముగా లభించునది ఉపశమనము.

బడిపంతులునైన నాకు మనసున నాటిన ఘట్టము తరువాతిది. కిరణములు పొందిన బిడ్డలు పెరిగిన కొలది, వారిలో కొందరికి చదువు మందగించుట, ఎదుగుదల తగ్గుట వైద్యులు గమనించిరి. వారు తమ విజయమును తామే విమర్శించుకొనిరి. కిరణముల మోతాదు తగ్గించిరి. వెన్నెముకద్వారా నిచ్చు మందును, తక్కిన మందులను మరింత నేర్పుతో వాడిరి. తుదకు తలకు కిరణములు లేకయే, నూటికి తొంబదిమందికి పైగా బిడ్డలు ఐదేండ్లు దాటి జీవించిరని 2009లో ఆ ఆసుపత్రివారే ప్రకటించిరి. తొలుత కిరణము మందునకు తోడుపడెను. పిదప మందే పెక్కుమంది బిడ్డలను కిరణమునుండి తప్పించెను.

గ్రామపెద్దలారా! మన అరుగులమీద రెండు మాటలు వినవచ్చును. మెదడుకెక్కిన నింక చేయునది లేదనుట యొకటి. కరెంటు పెట్టించిన మతిపోవుననుట రెండవది. మొదటిది నేటి కాలమున చెల్లదు. రెండవదానిలో కొంత సత్యమున్నను, వైద్యులే దానిని గుర్తించి సవరించుచు వచ్చిరి. అట్టి కష్టము వచ్చిన కుటుంబము మీ సలహా కోరినపుడు, వైద్యుని మూడు ప్రశ్నలడుగుడని చెప్పుడు: ఈ చికిత్స రోగము కుదుర్చుటకా, బాధ తగ్గించుటకా? దీనివలన నష్టమేమి? వేరు మార్గమున్నదా? భయముతో ఇల్లు కదలకుండుటకంటె, అడిగి తెలిసికొని నడచుట మేలు.