పోలీసు ముందు ఒప్పుకోలు: ఒక నవలా, మన 1855 నివేదికా

ఈసారి రాత కొంచెం పొడుగు, తీరిగ్గా చదవండి. ఒక నవల ముగింపు చెప్పక తప్పదు. చదవబోయేవాళ్ళు ముందే గమనించండి.

చెన్నైలో పుట్టి పెరిగిన మా సంఘం పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. అందుకని వాళ్ళు చదివే ఇంగ్లీషు పుస్తకాన్నే తీసుకుని తెలుగులో మాట్లాడుకుందాం అనుకున్నాం. పిల్లలు హోలీ జాక్సన్ రాసిన ‘ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్’ ఎంచుకున్నారు. 2019లో మొదటిది, 2020లో రెండోది, 2021లో మూడోది ‘ఆజ్ గుడ్ ఆజ్ డెడ్’ వచ్చాయి. లిటిల్ కిల్టన్ అనే ఊళ్ళో ఆండీ అనే అమ్మాయి మాయమవుతుంది. నేరం సాల్ సింగ్ మీద పడుతుంది. అతను చనిపోతాడు, ఊరంతా ఆ కుటుంబాన్ని వెలివేసినట్టు చూస్తుంది. పిప్ అనే బడిపిల్ల, సాల్ తమ్ముడు రవితో కలిసి నిజం బయటికి తీస్తుంది. ఇద్దరికీ ప్రేమ కుదురుతుంది.

మూడో పుస్తకం మొదటిసారి చదివినప్పుడు మేమూ పిల్లల్లాగే ఊపిరి బిగబట్టి చదివాం. పిప్‌ను ఎవరో వెంటాడుతుంటారు. చెబితే పోలీసులు పట్టించుకోరు. వెంటాడేవాడు వరసగా ఆడపిల్లల్ని చంపిన హంతకుడు. ఆ హత్యలకు బిల్లీ కారస్ అనే యువకుడు అప్పటికే జైల్లో ఉన్నాడు. గంటల తరబడి పోలీసులు ప్రశ్నిస్తే చేయని నేరం ఒప్పుకున్నాడు. పిప్ అసలు హంతకుణ్ణి చంపి, ఆ హత్యను మాక్స్ అనే మరొకడి మీదికి నెడుతుంది. మాక్స్ అమ్మాయిలకు మత్తుమందు ఇచ్చి పాడుచేసి, కోర్టులో నిర్దోషిగా బయటపడ్డవాడు. చివరికి దోషి అని తీర్పు వస్తుంది. అప్పుడు మాకు ‘తగిన శాస్తి’ అనిపించింది.

మొన్న కూటం కోసం మళ్ళీ చదివితే అదే చోట మనసు ఒప్పుకోలేదు. బిల్లీ చేయని హత్యకు జైల్లో ఉన్నాడని బాధపడ్డ పిల్లే, మాక్స్‌ను అతను చేయని హత్యకు జైలుకు పంపింది. కూటంలో ఒక అమ్మాయి సూటిగా అడిగింది. “మామయ్యా, మాక్స్ మంచివాడేం కాదు కదా. లోపలికి పోతే తప్పేంటి?”

జవాబు కోసం మేము మన ఊరి చరిత్రలోకే వెళ్ళాం. 1854లో మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసల మీద ఒక కమిషన్ వేశారు. ఇలియట్, స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ అనే ముగ్గురు సభ్యులు 1855లో నివేదిక ఇచ్చారు. అప్పట్లో ఇటు తమిళ జిల్లాలూ, అటు గుంటూరు, రాజమండ్రి, బళ్ళారి, గంజాం అన్నీ ఒకే ప్రెసిడెన్సీ. బళ్ళారి, బరంపురం మిత్రులారా, మీ పెద్దల గోడూ మా పెద్దల గోడూ ఆ ఒక్క నివేదికలోనే ఉన్నాయి.

ఆ రోజుల్లో శిస్తు వసూలూ పోలీసు పనీ తహసీల్దారు చేతిలోనే ఉండేవి. శిస్తు రాకపోయినా, దొంగతనం ఒప్పుకోకపోయినా మందు ఒకటే. కిట్టి అంటే చెక్కల మధ్య వేళ్ళు పెట్టి నలపడం. ఇంకొకటి మనిషిని వంగదీసి, మెడను కాలి బొటనవేళ్ళకు తాడుతో కట్టి ఎండలో ఉంచడం. నివేదిక వీటికి తమిళ పేర్లూ తెలుగు పేర్లూ రెండూ ఇచ్చింది. రెండు భాషలవాళ్ళూ అంతగా ఎరిగినవన్నమాట.

దాని తరువాత 1859లో మద్రాసుకు వేరే పోలీసు చట్టం వచ్చింది. 1861 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో, తరువాత 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్‌లో ఒక నియమం చేరింది. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును ముద్దాయి మీద రుజువుగా వాడకూడదు. 2024 జూలై 1న అమలైన కొత్త సాక్ష్య చట్టంలో అదే 23వ సెక్షన్. ఒప్పుకోలు వల్ల ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకు చెల్లుతుందన్న సందు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అయినా పోలీసుల ముందు బిల్లీ చెప్పిన మాట మన కోర్టులో రుజువుగా నిలవదు.

ఈ నియమం మంచివాళ్ళకు మాత్రమే అని రాయలేదు. దొంగకూ వర్తిస్తుంది, మాక్స్‌కూ వర్తిస్తుంది. వీడు ఎలాగూ చెడ్డవాడే అని ఒకరికి మినహాయింపు ఇస్తే, ఆ చెడ్డవాడు ఎవరో తేల్చేది మళ్ళీ తాడు పట్టుకున్నవాడే. నవలలో సాల్‌ను ఊరు చెడ్డవాడని తేల్చింది కూడా అలాగే.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పాలి. 2019 డిసెంబరు 6న హైదరాబాదు దగ్గర, ఘోరమైన అత్యాచారం, హత్య కేసులో పట్టుబడ్డ నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ ఉదయం మా సంఘం గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టినవాళ్ళలో మేమూ ఉన్నాం. సుప్రీంకోర్టు వేసిన కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ, నలుగురిలో ముగ్గురు మైనర్లనీ అది చెప్పింది. అప్పుడు గ్రూపులో ఎవరమూ ఏమీ రాయలేదు.

ఇదంతా విని ఆ అమ్మాయి ఊరుకోలేదు. “పిప్ చెప్పినప్పుడు పోలీసులు విని ఉంటే ఇదంతా జరిగేదా?” అంది. ఆ మాట నిజం. ఫిర్యాదు విననిచోటే జనం తుపాకీకి చప్పట్లు కొడతారు. అబద్ధపు సాక్ష్యానికి కూడా కొడతారు. వినమని అడగడం మన వంతు, అది చేయకుండా చప్పట్లు కొట్టడం తేలిక.

వచ్చే కూటానికి 1855 నివేదికలో కొన్ని పేజీలు అచ్చు తీసి తెస్తున్నాం. అదీ ఇంగ్లీషులోనే ఉంది కాబట్టి పిల్లలకు ఇబ్బంది లేదు. మాట్లాడుకోవడం మాత్రం తెలుగులోనే. పెద్దలూ రండి.